గుమ్మం మీది పరపతి పెట్టె

అసలు కాకినాడ ఎక్కడుండేదో ఇప్పుడు చూడాలంటే పడవెక్కాలి. సముద్రం ముందుకు రావడం, ఊరు వెనక్కి జరగడం మన కథకి ముందే అయిపోయాయి. వెనక్కి జరిగిన ఊరికి కొత్త కాకినాడ అని పేరు పెట్టి, కొత్త హార్బర్ పక్కన పదేసి అంతస్తుల బ్లాకులు కట్టి, జనాన్ని వాటిలో సర్దారు. అలాంటి ఒక బ్లాకులో, అయిదో అంతస్తులో, మధ్యాహ్నం లోగా హార్బర్ కూలీలకి అన్నం క్యారేజీలు పంపాల్సిన నూకరత్నం పొయ్యి మీద వంకాయ కూర అడుగంటుతున్నా పట్టించుకోకుండా మెడ ఎత్తి గుమ్మం పైకి చూస్తోంది.

గుమ్మం పైన, మామిడాకులు కట్టే మేకు పక్కన, చిన్న తెల్ల పెట్టె ఉంది. దాని మీద ఆకుపచ్చ అంకెలు. పొద్దున్న లేచేసరికి ఆరువందల నలభై ఉన్నాయి. స్నానం చేసొచ్చేసరికి రెండు తగ్గాయి. ఇప్పుడు ఇంకో రెండు.

"నేనేం చేశానని?" అని పెట్టెనే అడిగింది.

పెట్టె మాట్లాడేది కాదు. మాట్లాడేది అయితే నూకరత్నం దాన్ని ఈపాటికి కడిగేసి ఉండేది.

ఈ పెట్టె సంగతి కాస్త చెప్పుకోవాలి, లేకపోతే కథ ముందుకు నడవదు. వెనకటి రోజుల్లో క్రెడిట్ స్కోర్ అనేది బ్యాంకు అప్పుల్ని బట్టి వచ్చేది. అప్పు తీసుకుని వాయిదా తప్పకుండా కట్టినవాడికి మంచి స్కోర్. ఎగ్గొట్టినవాడికి చెడ్డ స్కోర్. అసలు బ్యాంకు మొహమే చూడనివాడికి స్కోరే లేదు. చేపలమ్ముకునే ఆడవాళ్ళు, కూలీలు, చేబదుళ్ళ మీదే బతుకు లాక్కొచ్చి ఒక్క పైసా ఎగ్గొట్టని వాళ్ళు లక్షల మంది ఆ లెక్కలోకి రాలేదు. డాక్టర్ ఇందుధర్ అనే సైంటిస్టుకి ఇది అన్యాయంగా తోచింది. నాలుగిళ్ళలో చేబదులు పుడుతుందంటేనే ఆ మనిషికి పరపతి ఉన్నట్టు, అది యంత్రానికి కనపడేలా చేస్తానన్నాడు. చేశాడు కూడా. గడప కింద బరువు చూసే సెన్సర్, పెట్టెలో ఒక కన్ను, వాసన పట్టే ఒక చిప్. ఎవరింట్లోంచి ఏది ఎవరింటికి వెళ్ళిందో, తిరిగొచ్చిందో లేదో అది కనిపెడుతుంది. వెళ్ళినప్పుడు అకౌంట్ తెరుచుకుంటుంది, తిరిగొచ్చినప్పుడు మూసుకుంటుంది. టైముకి మూసుకుంటే స్కోర్ పెరుగుతుంది. తెరిచిన అకౌంట్లు పేరుకుపోతే తగ్గుతుంది. అంతకుమించి అందులో మాయా లేదు, మంత్రమూ లేదు.

మంచి ఉద్దేశమే. అయితే పెట్టె బాగా పనిచేస్తోందని తెలియగానే నగరపాలక సంస్థ అన్నింటినీ తెచ్చి దానికే తగిలించింది. హార్బర్ బ్లాకుల్లో ఇల్లు నిలవాలంటే ఉగాది నాటికి ఏడువందలు ఉండాలి. లేకపోతే ఊరికి ఆ చివర, కొండవార బ్లాకులకి పంపించేస్తారు. అక్కడినుంచి హార్బరుకి రావడానికే సగం పూట పడుతుంది. ఇక వేడివేడి క్యారేజీలు ఎక్కడ తెస్తుంది? ఇల్లు పోతే క్యారేజీలు పోతాయి. క్యారేజీలు పోతే మొగుడు సత్తిరాజు క్రేన్ నడిపి తెచ్చే జీతం తిండికే చాలదు.

"ఊరికే దాన్నే చూస్తావేంటే? చూస్తే పెరుగుద్దా?" అన్నాడు సత్తిరాజు, చెప్పులేసుకుంటూ.

"చూడకపోతే తగ్గుద్దేమో" అంది నూకరత్నం.

అసలే కుదురుగా కూర్చునే మనిషి కాదు. ఆ పెట్టె వచ్చాక మరీ కాలు కాలిన పిల్లి అయిపోయింది. కరెంటు బిల్లు గడువుకి ముందే కట్టింది. కిరాణా కొట్లో పద్దు మూసేయించింది. దుకాణం వాడు ఇవ్వాల్సిన చిల్లర మర్చిపోతే పరిగెత్తుకెళ్ళి అడిగి తెచ్చుకుంది, అది తన పేరున ఏ లెక్కలో పడుతుందోనని. అయినా అంకె దిగుతూనే ఉంది. తనొక్కదానిదే కాదు, బ్లాకు బ్లాకంతా అంతే. పక్కింటి వీరవేణిది మరీ ఆరువందలకి వచ్చేసింది.

వీరవేణి ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. మొగుడు ఓడ మీద పనికెళ్తే ఆర్నెల్లకోసారి కనపడతాడు. మనిషి ఒక్కతే ఉంటుంది గానీ నవ్విందంటే పై అంతస్తుకి వినపడుతుంది. సముద్రం పాత ఇళ్ళని మింగినప్పుడు వీళ్ళిద్దరూ ఒకే ట్రక్కులో, ఒకే దుప్పటి కప్పుకుని కొత్త ఊరికొచ్చారు. అప్పటినుంచి ఒదినా ఒదినా అనుకోవడమే.

ఉగాది దగ్గర పడుతుండగా డాక్టర్ ఇందుధరే స్వయంగా ఆ బ్లాకుకి వచ్చాడు. ఎగవేత అన్నదే లేని బ్లాకు ఇది, కానీ నగరం మొత్తంలో తక్కువ స్కోర్ దీనిదే. పెట్టె పొరబడుతోందేమోనని ఆయనకి నిద్ర పట్టడం లేదట. నూకరత్నం వంటగదిలో స్టూలు మీద కూర్చుని, ఆవిడిచ్చిన టీ తాగుతూ టాబ్లెట్‌లో లెక్కలు తెరిచాడు.

"అమ్మా, మీకూ పక్కింటి వీరవేణిగారికీ మధ్య ఒక అకౌంట్ ఉంది. పెట్టె పెట్టిన వారంలోనే తెరుచుకుంది. ఇప్పటిదాకా మూసుకోలేదు."

"మా ఇద్దరి మధ్యా బాకీలేం లేవండీ. ఎవరో గిట్టనివాళ్ళు చెప్పుంటారు."

"మనుషులెవరూ చెప్పలేదమ్మా. ఒక స్టీలు గిన్నె ఉంది చూడండి. అంచు దగ్గర కాస్త సొట్ట."

నూకరత్నం గూట్లోకి చూసింది. గిన్నె అక్కడే ఉంది.

"మీరు ఆ గిన్నెలో రొయ్యల ఇగురు పంపారు. మర్నాడు ఆవిడ గిన్నె తిరిగిచ్చారు."

"ఇచ్చేసిందిగా మరి?"

"ఇచ్చారు. అందులో బొబ్బట్లు పెట్టి ఇచ్చారు."

"ఖాళీ గిన్నె ఎలా ఇస్తారండీ? బాగోదు కదా" అంది నూకరత్నం, ఇంత చదువుకున్నాయనకి ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

"తర్వాత మీరు అదే గిన్నెలో గోంగూర పచ్చడి పంపారు. ఆవిడ జామకాయలు పెట్టి పంపారు. మీరు పులిహోర పంపారు. వెళ్ళిన ప్రతిసారీ, వచ్చిన ప్రతిసారీ నిండుగానే ఉంది. అసలు గిన్నె ఎవరిదో మీకైనా గుర్తుందా?"

"నాదే" అంది. కాసేపు ఆలోచించి, "కాదేమో, వేణిదే" అంది.

ఇందుధర్ నవ్వాపుకోలేకపోయాడు. తర్వాత నిదానంగా విడమరచి చెప్పాడు. పెట్టె దృష్టిలో గిన్నె తిరిగి రావడమంటే బాకీ తీరడం. గిన్నెలో ఏదైనా ఉంటే అది కొత్త బాకీ. పాత అప్పు తీరుస్తూనే కొత్త అప్పు చేసేవాళ్ళు ఎప్పటికైనా మునుగుతారని దానికి నేర్పారు. ఈ బ్లాకులో ఇంటింటికీ అలాంటి గిన్నెలు తిరుగుతున్నాయి. కాబట్టి పెట్టె లెక్కలో ఈ బ్లాకంతా మెడలోతు అప్పుల్లో ఉంది.

"మా అమ్మా ఇంతేనమ్మా. ఇంకేమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసి ఇచ్చేది. యంత్రం తయారుచేస్తున్నప్పుడు నాకా సంగతి తట్టనే లేదు."

"అయితే మార్చెయ్యండి."

"ఒక్క అలవాటు కోసం మారిస్తే మిగతా లెక్కంతా చెడిపోతుంది. మీకు చాలా తేలికైన మార్గం ఉంది. గిన్నె ఖాళీగా ఇచ్చెయ్యండి."

ఆయన తేలిగ్గానే చెప్పి వెళ్ళిపోయాడు. నూకరత్నం ఆ గిన్నెని పీచు పెట్టి తోమింది, కడిగింది, తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. వీరవేణి తలుపు కొట్టి గిన్నె చాపేసరికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

వీరవేణి గిన్నెలోకి చూసింది. ఇంకేమైనా తెచ్చిందేమోనని ఒదిన రెండో చేతివైపు కూడా చూసింది. "ఏంటొదినా, నా మీద కోపమొచ్చిందా?"

నూకరత్నం గబగబా అంతా చెప్పింది. విని వీరవేణి బ్లాకు అదిరేలా నవ్వింది. "ఓసి దీని దుంపతెగ. మన పులిహోర దీనికి అప్పులా కనపడిందా? సరే, ఉగాది దాకా ఇలా కానిద్దాం. పెట్టె కోసమేగా."

పెట్టె టింగుమంది. ఇద్దరి స్కోరూ ఒక్కసారే తొమ్మిది పెరిగింది. ఇద్దరూ నోళ్ళు తెరుచుకుని చూశారు.

ఇక చూడండి, సాయంత్రానికి బ్లాకంతా తోమిన గిన్నెలే. ఎవరింటి గిన్నె వాళ్ళింటికి చేరిపోయింది. నూకరత్నం అంకె ఆరువందల ఎనభై దాటింది. ఆ వారం ఆవిడ పాడుకుంటూ కూరలు తరిగింది. ఆ తర్వాత ఎవరూ ఎవరికీ ఏదీ పంపడం మానేశారు, ఖాళీగా ఇచ్చే మొహమాటం కన్నా అసలు పంపకపోవడమే నయమని. అప్పుడు అంకె మళ్ళీ దిగడం మొదలెట్టింది.

నూకరత్నం కంగారుగా ఇందుధర్‌కి ఫోన్ చేసింది.

"అసలు అప్పే చెయ్యకపోతే మిమ్మల్ని ఎలా నమ్మాలో దానికి తెలీదమ్మా" అన్నాడాయన. "తీసుకుంటూ ఉండాలి. కొంచెమే తీసుకోవాలి. చెప్పిన టైముకి, తీసుకున్నంతే తిరిగిచ్చెయ్యాలి. మంచి స్కోర్ రహస్యం ఎప్పుడూ ఇదే."

అక్కడినుంచి మొదలైంది ఉప్పు బాగోతం. రోజూ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వీరవేణి వచ్చి గ్లాసుడు ఉప్పు తీసుకునేది. మర్నాడు అదే వేళకి అదే గ్లాసుతో తెచ్చిచ్చేది. అప్పుడు నూకరత్నం వాళ్ళింటికి వెళ్ళి గ్లాసుడు బియ్యం తెచ్చుకునేది. రెండిళ్ళలోనూ ఉప్పుంది, రెండిళ్ళలోనూ బియ్యం ఉంది. అదే ఉప్పు అటూ ఇటూ తిరిగి తిరిగి మట్టిరంగుకొచ్చింది. వరండా పొడుగునా ఆడాళ్ళూ మగాళ్ళూ కొలత గ్లాసులు పట్టుకుని ఎదురుబొదురు నడుస్తుంటే, చూసిన కొత్తవాళ్ళు ఇదేదో వ్రతమనుకున్నారు.

మొదట్లో నవ్వుకుంటూ చేశారు. రాన్రానూ గ్లాసు అంచుకి సమానంగా చేత్తో చదును చేసి మరీ ఇచ్చుకున్నారు. నాలుగు గింజలు ఎక్కువైతే అదో బాకీ కదా.

ఒకరోజు నూకరత్నం రొయ్యల ఇగురు వండింది. ఉప్పు గ్లాసు పట్టుకొచ్చిన వీరవేణి గుమ్మంలోనే ఆగి, "ఏం వాసనొదినా" అంది. నూకరత్నం చెయ్యి దానంతటదే గరిట అందుకుంది. మళ్ళీ ఆగింది. "రేపు నువ్వు రొయ్యలు వండుతావా?" అని అడిగింది. "రేపు డ్యూటీ ఉందొదినా, ఎల్లుండి కూడా" అంది వీరవేణి. "అయితే మరి..." అని నూకరత్నం గిన్నె మీద మూత పెట్టేసింది. ఆ రాత్రి ఆవిడకి ముద్ద దిగలేదు. సత్తిరాజు మాత్రం రెండోసారి వడ్డించుకుని, బాగా కుదిరింది అన్నాడు.

ఉగాది వచ్చింది. నూకరత్నం స్కోర్ ఏడువందల నలభై. వీరవేణిది ఏడువందల ఇరవై. రెండిళ్ళూ నిలిచాయి. ఇక ఈ గోల వదిలేద్దామనుకున్నారు గానీ, వచ్చే ఉగాదికి ఏడువందల యాభై ఉండాలని నగరపాలక సంస్థ ప్రకటించింది. జనం ఎక్కేకొద్దీ మెట్టు కూడా ఎక్కుతుంది కదా.

ఇందుధర్‌కి శాలువా కప్పి బ్లాకు కింద సభ పెట్టారు. ఆయన సంతోషంగా, నిజాయితీగా మాట్లాడాడు. "ఇప్పటిదాకా పెట్టె వస్తువుల్నే చూసింది. కానీ ఒకరికొకరు చేసే సేవకి లెక్క లేదు. ముఖ్యంగా ఆడవాళ్ళు చేసేదానికి. రోగి పక్కన కూర్చున్నా, పక్కింటి పిల్లని ఎత్తుకున్నా దాన్ని ఎవరూ గుర్తించలేదు. ఈ నెల నుంచి పెట్టె దాన్నీ గుర్తిస్తుంది. వస్తువుల్లాగే టైము కూడా ఒక అకౌంట్."

జనం చప్పట్లు కొట్టారు. మాటలు నిజమే అనిపించాయి మరి.

"ఊరికే కూర్చుని కబుర్లు చెప్పుకుంటేనో?" అని అడిగింది నూకరత్నం.

"ఇద్దరూ సమానంగా మాట్లాడుకుంటే ఏ బాకీ ఉండదమ్మా."

"జ్వరమొస్తే ఎవరైనా చేశారనుకోండి?" అంది వీరవేణి.

"మీరూ తిరిగి చేస్తారు. ఎంతసేపు చేశారో అంతసేపు, ఏం చేశారో అదే. నెల లోపల."

ఆ తర్వాత వానలు పట్టాయి. ఒక సాయంత్రం దీపాల వేళ దాటినా వీరవేణి ఉప్పు తేలేదు. నూకరత్నం లోపలికీ బయటికీ తిరిగింది. పెట్టె వైపు చూసింది. అకౌంట్ ఆలస్యమైతే పడేది వీరవేణి స్కోరే గానీ, ఆలస్యం చేసేవాళ్ళకి ఇచ్చినందుకు తనకీ ఒక పాయింటు పోతుంది. చివరికి ఓర్చుకోలేక వెళ్ళి తలుపు దబదబా బాదింది. తలుపు దగ్గరగా వేసే ఉంది, తోసేసరికి తెరుచుకుంది.

వీరవేణి చాప మీద పడి ఉంది. ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు ఎండిపోయి పగిలాయి. కళ్ళు తెరిచి నూకరత్నాన్ని చూసి, లేవబోయి లేవలేక, "ఉప్పు కొలిచి పెట్టానొదినా, గట్టు మీదుంది. తేలేకపోయాను" అంది.

నూకరత్నానికి తన మీద తనకే అసహ్యం వేసింది. "ఎన్నాళ్ళ నుంచే?" అంది, చాప అంచున కూర్చుని.

"మొన్నటి నుంచి."

"మధ్యలో ఒక గోడ. గోడ కొడితే వస్తాను కదే."

"కొడితే టైము మొదలవుద్ది కదా" అంది వీరవేణి.

నూకరత్నం అప్పటికప్పుడు లేచింది. డాక్టర్ని పిలిపించింది, ఇంజక్షన్ చేయించింది. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేస్తూ కూర్చుంది. క్యారేజీల పని సత్తిరాజు మీద పడేసి, మర్నాడూ ఆ మర్నాడూ అక్కడే ఉండిపోయింది. జావ కాచి పోసింది. తల దువ్వింది. వీరవేణి మాత్రం మెలకువ వచ్చినప్పుడల్లా గుమ్మం పైకే చూసేది.

"వెళ్ళొదినా. పెరిగిపోతోంది. అంతసేపు నేనెక్కడ తేను?"

"నోరు మూసుకుని పడుకో" అని తిట్టింది నూకరత్నం. చిత్రమేంటంటే, ఆ రెండ్రోజులూ ఆవిడ ఒక్కసారి కూడా పెట్టె వైపు చూడలేదు. కాలు నిలవని మనిషి కదలకుండా కూర్చుంది. చాలా నెలల తర్వాత మనసు కాస్త హాయిగా అనిపించింది. జ్వరం తగ్గితే ఇద్దరం కలిసి ఆ ఉప్పు గ్లాసుని సముద్రంలో పారేసి రావాలనుకుంది.

జ్వరం తగ్గింది. వీరవేణి డ్యూటీకి కూడా వెళ్ళడం మొదలెట్టింది. వారం గడిచినా ఇటు తొంగి చూడలేదు. నీరసంగా ఉందేమోలే అనుకుంది నూకరత్నం.

ఒకరోజు పొద్దున్నే తలుపు చప్పుడైంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, సగం క్యారేజీలకి మూతలు పెట్టాలి. గుమ్మంలో వీరవేణి, చేతిలో ఒక గుడ్డ.

"రెండ్రోజులు లీవు పెట్టానొదినా. పడుకో."

"ఎందుకే?"

"నెల నిండొస్తోంది. ఇవాళా రేపూ చేస్తే సరిపోద్ది."

"పిచ్చా నీకు? నాకు జ్వరం లేదు."

"లేకపోయినా ఫర్వాలేదంట. ఫోన్ చేసి ఇందుధర్ గార్నే కనుక్కున్నాను" అంది వీరవేణి. ఆవిడ అంకె మళ్ళీ ఆరువందల తొంభైకి పడిపోయింది. ఇల్లు పోతుందేమోనన్న భయం ఆ మొహంలో కనపడుతోంది. అది చూశాక నూకరత్నం కాదనలేకపోయింది. సత్తిరాజుని మళ్ళీ క్యారేజీల దగ్గర నిలబెట్టి, చాప పరిచి వెల్లకిలా పడుకుంది.

వీరవేణి గుడ్డ తడిపి, పిండి, చల్లగా ఉన్న నుదుటి మీద వేసింది. ఆరాక తీసి మళ్ళీ తడిపి వేసింది. జావ కాచి, ఆకలి లేదంటున్నా చెంచాతో పోసింది. చిక్కు లేని జుట్టు దువ్వింది. నూకరత్నం ఏదో నవ్వొచ్చే మాట చెప్పింది గానీ వీరవేణి నవ్వలేదు. తనకి జ్వరమొచ్చినప్పుడు పక్కన కూర్చున్న ఒదిన నవ్వలేదట, ఇప్పుడు తను నవ్వితే సమానం కాదేమోనంది. నూకరత్నం కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారి చెవుల్లోకి పోయాయి. తడిగుడ్డ నీళ్ళనుకుని వీరవేణి జాగ్రత్తగా తుడిచింది.

మర్నాడు సాయంత్రానికి పెట్టె టింగుమంది. వీరవేణి గుడ్డ పిండి మడత పెట్టుకుని లేచింది.

నూకరత్నం గబుక్కున లేచి కూర్చుంది. "ఉండవే. రొయ్యలు తెప్పించాను. క్షణంలో వండేస్తాను, ఇద్దరం కలిసి తిందాం. తినెళ్ళు."

వీరవేణి గుమ్మం దగ్గర ఆగింది. ఒక్క నిమిషం పాత వీరవేణిలాగే కనపడింది. తర్వాత పెట్టె వైపు చూసింది.

"వద్దొదినా" అంది. "ఇప్పుడే కదా తీరింది."

తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. పక్కింట్లో గొళ్ళెం పడిన చప్పుడు వినిపించింది. నూకరత్నం చాప మీదే కూర్చుండిపోయింది. చూడకూడదనే అనుకుంది, అయినా ఉండలేక తలెత్తి చూసింది. ఏడువందల యాభై రెండు.

ముందు ఆవిడకి సంతోషమే వేసింది.